ఈక్విప్ సాయానికి దరఖాస్తు చేసే ముందు

అమెరికా పల్లె కౌంటీల్లో పొలం కొని, నేల, నీటి సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే ఈక్విప్ (EQIP) సాయం అడగబోయే మనవాళ్లకు ఈ జాగ్రత్తలు.

• ముందు దగ్గర్లోని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఫార్మ్ నంబర్ (మీ పొలానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి.

• ఈ సాయానికి ప్రభుత్వంతో చేసుకునే కాంట్రాక్టుపై రెండు వైపులా సంతకాలు పడేదాకా పని మొదలుపెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ముందే మినహాయింపు తీసుకోకుండా కంచె వేసినా, పైపులు పరిచినా ఆ పనికి డబ్బు రాదు. పనివాళ్లు ఎంత తొందరపెట్టినా దయచేసి ఆగండి.

• డబ్బు మామూలుగా పని పూర్తయ్యాకే వస్తుంది, పెట్టుబడి చేతిలో ఉంచుకోండి. సాగులో పదేళ్లు దాటని కొత్త రైతులైతే ముందస్తు చెల్లింపు గురించి అడగండి, మొహమాటపడొద్దు.

• కౌలు భూమైతే కాంట్రాక్టు కాలమంతా అది మీ ఆధీనంలోనే ఉంటుందని చూపే కాగితం కావాలి.

• దరఖాస్తు ఏడాదంతా తీసుకుంటారు. కానీ ర్యాంకింగ్‌కు, అంటే వచ్చిన దరఖాస్తులను పోల్చి వరుస కట్టడానికి, గడువు తేదీ ఉంటుంది. మీ రాష్ట్రంలో ఎప్పుడో కనుక్కోండి.