కోకాపేట సెల్లార్‌లో ఆగిపోతున్న బండి

కోకాపేటలో సెల్లార్ తవ్వుతున్న 20 టన్నుల ఎక్స్‌కవేటర్ ఉన్నట్టుండి డల్ అయిపోయేది. మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్. ఆఫ్ చేసి ఆన్ చేస్తే గంటసేపు మళ్లీ మామూలే. "పంపు కంట్రోలర్ పోయిందన్నా, మార్చేద్దాం" అన్నాడు ఆపరేటర్. దాని ధర వింటే ఓనర్‌కి బీపీ వస్తుంది.

నేను మీటర్ తీశాను. బ్యాటరీ కట్ చేసి, డయాగ్నోస్టిక్ సాకెట్‌లో క్యాన్ హై, క్యాన్ లో (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) పిన్నుల మధ్య ఓమ్స్ చూశాను. లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ప్యారలల్‌గా ఉంటాయి కాబట్టి, రెండూ కలిసి అందులో సగం, 60 దగ్గర చూపించాలి. సరిగ్గా 60 చూపించింది. వైరింగ్ బాగుందనుకున్నా. అక్కడే పప్పులో కాలేశాను.

టీ తాగొచ్చి, ఎందుకైనా మంచిదని హెల్పర్‌తో వైర్ల కట్టను పొడవునా కదిపించాను. క్యాబ్ వెనక వైర్లు కిందికి దిగే చోట పట్టుకోగానే రీడింగ్ 120కి ఎగిరింది. అంటే ఒక చివరి రెసిస్టర్‌తో కనెక్షన్ తెగుతోందన్నమాట. ట్యూబ్ కోసి చూస్తే, ఎవరో ఎప్పుడో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్. రాగి పచ్చగా చిలుము పట్టి, రెండు పోగుల మీద వేలాడుతోంది.

ఆ ముక్క కోసేసి, కొత్త వైరు క్రింప్ చేసి, హీట్ ష్రింక్ ఎక్కించి, రెండు వైర్లకూ మళ్లీ పురి తిప్పాను. ఆపరేటర్‌కి మాత్రం ఇంకా కంట్రోలర్ మీదే అనుమానం.