ఆదివారం సువార్తతో వారమంతా గడపడం ఎలా

ఆదివారం సువార్త పఠనాన్ని, అంటే యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాల్లోంచి ఆ రోజుకు చదివే భాగాన్ని, చాలామందిమి చర్చిలో కూర్చున్నాకే మొదటిసారి వింటాం. చదవడం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత ప్రసంగం, తర్వాత ఇంటికి, సాయంత్రం ఎవరైనా ఇవాళ ఏం చదివారని అడిగితే నీళ్లు నములుతాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే ఉన్నాను. ఇప్పుడు గురువారం రాత్రే ఆ భాగం తీసుకుని కూర్చుంటున్నాను, దానికో నోటుబుక్కు కూడా పెట్టుకున్నాను. దీనివల్ల సువార్త నాకు ఎంత దగ్గరైందో మాటల్లో చెప్పలేను, అందుకే ఎలా చేస్తున్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఈ ఏడాది ఏ సువార్తో తెలుసుకోవాలి. కతోలిక సంఘంలో ఏ ఆదివారం ఏ భాగం చదవాలో చెప్పే, 1969లో వచ్చిన పఠనాల పట్టిక, దాని ఆధారంగా అనేక ప్రొటెస్టంట్ సంఘాల కోసం 1992లో వచ్చిన పట్టిక, రెండూ మూడేళ్ల చక్రంలో నడుస్తాయి. ఎ సంవత్సరంలో మత్తయి, బి సంవత్సరంలో మార్కు, సి సంవత్సరంలో లూకా. యోహానుకు ప్రత్యేకంగా ఒక ఏడాది లేదు కానీ ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలోనూ ఈస్టర్ తర్వాతా ఎక్కువగా వినిపించేది ఆయనే. పైగా మార్కు చిన్న సువార్త కాబట్టి బి సంవత్సరం మధ్యలో ఐదు ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయం వస్తుంది. లెక్క సులువే, సంవత్సరాన్ని మూడుతో భాగిస్తే ఒకటి మిగిలితే ఎ, రెండు మిగిలితే బి, ఏమీ మిగలకపోతే సి. అలా 2025 సి, 2026 ఎ. ఒక్కటి గుర్తుంచుకోవాలి, చర్చి సంవత్సరం జనవరిలో మొదలవదు, క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం ఆగమన కాలంతో మొదలవుతుంది, కాబట్టి 2026 నవంబర్ 29 నుంచే బి సంవత్సరం. మీ సంఘం వేరే పట్టిక పాటిస్తే దాన్నే తీసుకోండి, కింద చెప్పే పద్ధతి దానికీ పనికొస్తుంది.

గురువారం చేయాల్సింది ఒక్కటే, ఆ భాగాన్ని పైకి చదవాలి, తొందర లేకుండా, రెండుసార్లు. మనసులో చదివితే తెలిసిన కథే కదా అని కళ్లు పరిగెడతాయి, నోటితో చదివితే పరిగెత్తలేవు. ఆ తర్వాత బైబిల్ తెరిచి దానికి ముందేముందో, తర్వాత ఏముందో చూడండి, ఎందుకంటే పట్టికలో ఇచ్చేది ఒక ముక్కే. మార్కు పదో అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయిని యేసు "నీకేం చేయాలని కోరుకుంటున్నావు" అని అడుగుతాడు. ఆ ముక్క వరకే చదివితే అది మామూలు ప్రశ్నలాగే ఉంటుంది. కానీ కొద్దిగా పైకి వెళ్తే శిష్యులైన యాకోబు, యోహానులనూ ఆయన ఇదే ప్రశ్న అడిగాడు. వాళ్లు ఆయన మహిమలో కుడి పక్కనా ఎడమ పక్కనా కూర్చునే చోటు అడిగారు, దారి పక్కన అడుక్కునేవాడు చూపు అడిగాడు. బి సంవత్సరంలో ఈ రెండు భాగాలూ వరసగా రెండు ఆదివారాలు వస్తాయి, మొదటి వారం రాసుకున్నది ఉంటేనే రెండో వారం ఆ సంబంధం దొరుకుతుంది.

ఇక అసలు పని శుక్రవారం. ఆ భాగంలో కంటికి కనిపించే వస్తువునో, మీరు ఆగిపోయిన ఒక మాటనో పట్టుకోండి. ఒక్కటి చాలు. యేసు తుపానును ఆపిన భాగంలో మార్కు ఒక్కడే యేసు తల కింద తలగడ ఉందని రాశాడు, మత్తయి, లూకా ఆ సంగతి చెప్పలేదు. నేను ఒక వారమంతా ఆ తలగడ దగ్గరే ఉన్నాను. పడవలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, శిష్యులు అరుస్తున్నారు, ఆయన తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. రోజంతా జనానికి బోధించి అలిసిపోయిన మనిషి నిద్ర అది. ఆయన అద్భుతం చేశాడన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆయనకు ఒళ్లు అలిసిందన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

దయచేసి ఈ దశలో "కాబట్టి మనం కూడా" అని మొదలుపెట్టకండి. ఇది నేను చాలా గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నా మొదటి ఏడాది నోటుబుక్కులో దాదాపు ప్రతి పేజీ చివర అదే వాక్యం ఉంది, కాబట్టి మనం కూడా నమ్మాలి, కాబట్టి మనం కూడా క్షమించాలి. అందులో తప్పేమీ లేదు, కానీ సువార్త చదవకుండా కూడా ఆ మాటలు రాయొచ్చు. ముందు అక్కడ ఎవరున్నారు, ఏం జరిగింది, ఎవరు ఏమీ మాట్లాడలేదు, ఇవి రాయండి. మన సంగతి శనివారం చూసుకోవచ్చు.

శనివారం మీరు రాసుకున్నదాన్ని ఆ కాలం పక్కన పెట్టి చూడాలి. ఒకే వచనం ఏ కాలంలో చదువుతున్నామన్నదాన్ని బట్టి వేరే ప్రశ్న వేస్తుంది. ఆగమన కాలం మొదటి ఆదివారం పశువుల తొట్టి గురించి ఉంటుందనుకుంటాం, కానీ మూడేళ్లలో ఏ ఏడాదైనా ఆ రోజు వచ్చేది ప్రభువు రాకడ గురించిన, మెలకువగా ఉండమనే భాగమే. బయటంతా పండగ హడావిడి మొదలవుతున్న సమయంలో ఆ భాగం మనం దేనికోసం ఎదురుచూస్తున్నామని అడుగుతుంది. తపస్సు కాలం మొదటి ఆదివారం ఎప్పుడూ అరణ్యంలో శోధనే. ఎ సంవత్సరంలో ఆ తర్వాత సమరయ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, యేసు మళ్లీ బతికించిన లాజరు వరసగా వస్తారు, మూడూ పొడవైన భాగాలే, వాటికి బుధవారం నుంచే కూర్చోండి. సమరయ స్త్రీ నీళ్ల కోసం వచ్చి కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లింది. దాహమని అడిగిన యేసు నీళ్లు తాగాడో లేదో యోహాను చెప్పనే లేదు.

చాలామంది ఈస్టర్ రాగానే నోటుబుక్కు మూసేస్తారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది. తపస్సు కాలం నలభై రోజులైతే పునరుత్థాన పండగ కాలం యాభై రోజులు, పెంతెకొస్తు దాకా. సి సంవత్సరంలో ఆ మూడో ఆదివారం యోహాను 21 వస్తుంది. ఒడ్డున బొగ్గుల మంట, దాని మీద చేపలు, పక్కన రొట్టె. ఇక్కడ మంటకు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోటే ఉంది, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట శిష్యుడైన పేతురు చలి కాచుకుంటూ నేను యేసు శిష్యుణ్ణి కానన్న చోట. తెలుగులో చదివేటప్పుడు ఇది సులువుగా కంటికి ఆనదు. యేసు అతన్ని మళ్లీ అలాంటి మంట పక్కనే నిలబెట్టి మూడుసార్లు "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడగడం, ఒక్కసారైనా ఆ రాత్రి సంగతి ఎత్తకపోవడం! ఇది తెలిసిన రోజు నేను ఇంకేమీ రాయలేకపోయాను.

మిగిలిన సామాన్య కాలం 33 లేదా 34 వారాలు. పెద్దగా పండగలు లేని వారాలే ఎక్కువ కాబట్టి అలవాటు నిలబడేదీ తెగిపోయేదీ అక్కడే. రోజుకు పది నిమిషాలు మించి పెట్టుకోకండి. వ్యాఖ్యానాలు, వీడియోలు శనివారం దాకా చూడకండి, ముందే చూస్తే వాళ్లు చెప్పిందే మనకు తట్టిందనిపిస్తుంది. చివర్లో ఒక్క వాక్యం ప్రార్థన రాసుకోండి, అదీ పట్టుకున్న ఆ వస్తువుతోనే.

ప్రతి పేజీ పైన తేదీ, సంవత్సరం అక్షరం తప్పకుండా వేయండి, ఎందుకంటే మూడేళ్లకు అదే భాగం తిరిగి వస్తుంది. తప్పిపోయిన కుమారుడి ఉపమానం 2022 మార్చి 27న వచ్చినప్పుడు నేను పరుగెత్తుకొచ్చిన తండ్రి గురించి రాశాను. అదే భాగం 2025 మార్చి 30న వచ్చేసరికి నాకూ మా తమ్ముడికీ మాటల్లేవు. ఈసారి పెద్దకొడుకు దగ్గరే ఆగిపోయాను. అతను ఎక్కడా "నా తమ్ముడు" అనడు, తండ్రితో "నీ కొడుకు" అంటాడు. తండ్రి మాత్రం జవాబులో "నీ తమ్ముడు" అంటాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. ఆ వారం నా పేజీలో ఉన్నది ఆ రెండు మాటలే, నీ తమ్ముడు.

కొన్ని వారాలు తప్పిపోతాయి, ఒంట్లో బాగుండకపోవచ్చు, ఇంట్లో ఏదో టెన్షన్ ఉండొచ్చు. అప్పుడు పాత వారాలు ఒకేసారి రాసి నింపాలని చూడకండి. తేదీ, అధ్యాయం, వచనాలు మాత్రం రాసి పేజీ ఖాళీగా వదిలేయండి, మూడేళ్లకు ఆ భాగం వచ్చినప్పుడు అక్కడే రాసుకోవచ్చు.