గుత్తి కోట ఎక్కే ఆట: పాత టీవీ గేమ్ రూపానికి కొత్త నడక ఇవ్వడం ఎలా

పాతకాలపు టీవీ గేమ్‌ను పోలిన ఆటను ఇప్పుడు తయారు చేయాలనుకునేవారు, ఆ ఆటల్లో తమకు నిజంగా నచ్చినది ఏది, గత్యంతరం లేక భరించినది ఏది అన్నది ముందుగా తేల్చుకోవాలి. అనంతపురంలో గంటకు ఇంత అని అద్దె కట్టి ఆడుకున్న రోజుల్లో, ఆఖరి దశలో ప్రాణాలన్నీ అయిపోతే మళ్ళీ మొదటికి రావలసి వచ్చేది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. అంత చిన్న ఆట ఎక్కువ రోజులు నిలవాలంటే ఆడేవారిని పదేపదే వెనక్కి పంపడం ఒక ఉపాయమే తప్ప అదే అందం కాదు. అందువల్ల కంటికీ చెవికీ తగిలేదాన్ని పాతగా ఉంచి, చేతికి తగిలేదాన్ని కొత్తగా మలచడమే సరైన విభజన అని నా అభిప్రాయం. ఉదాహరణగా గుత్తి కోటను కింది నుంచి, మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పుకునే కొండకొమ్ము మండపం దాకా ఎక్కే చిన్న ఆటను తీసుకుందాం.

తెర కొలతను 320×180 పిక్సెళ్ళుగా, అంటే రంగు చుక్కలుగా, పెట్టుకోండి. దీనిని సరిగ్గా ఆరు రెట్లు చేస్తే 1920×1080 వస్తుంది కనుక ప్రతి పిక్సెల్ సమానమైన చదరంగా నిలుస్తుంది. ఆటలు తయారు చేయడానికి ఉచితంగా దొరికే గోడాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెచ్ మోడ్‌ను వ్యూపోర్ట్‌గా, స్కేల్‌ను ఇంటిజర్‌గా, టెక్స్చర్ ఫిల్టర్‌ను నియరెస్ట్‌గా మార్చితే బొమ్మలు మసకబారవు. ఒక బొమ్మను రెండింతలు పెద్దది చేసి, దాని పక్కనే మరొకదాన్ని అసలు కొలతలో ఉంచకండి. ఈ ఒక్క పొరపాటుతో పాత రూపమంతా చెదిరిపోతుంది.

మారియో ఆడుకున్న నింటెండో పాత టీవీ గేమ్ యంత్రంలో ఒక్కో కదిలే బొమ్మకు మూడు రంగులు, నాలుగోదిగా పారదర్శకత మాత్రమే దక్కేవి. 1981 నాటి డాంకీ కాంగ్‌లో మారియోకు మీసం, టోపీ పెట్టడానికి కారణం కూడా ఇలాంటి ఇరుకే: అంత కొద్ది చుక్కల్లో నోరు, జుట్టు గీయడం కష్టం. చుక్కచుక్కగా బొమ్మ వేసే ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. ధర్మవరం చీర అంచుకు డిజైన్ వేసేవారు గ్రాఫ్ కాగితం మీద గడి గడిగా రంగు నింపుతూ చేసేది ఇదే పని. గుత్తికి గులాబీ ఛాయ ఉన్న బండరాతి బూడిదరంగు, ముళ్ళకంపల పాలిపోయిన పచ్చ, సాయంకాలపు నారింజ, నీడలకు నలుపు బదులు ముదురు ఊదా సరిపోతాయి. అన్నిటికంటే ప్రకాశవంతమైన రంగును కథానాయకుడి తలపాగాకే కేటాయించి, నేపథ్యంలో మరెక్కడా వాడకండి. తరువాత బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపి చూడండి. నిమ్మలకుంట తోలుబొమ్మను తెర వెనుక ఆకారంతోనే గుర్తుపట్టినట్టు, ఆ నల్లని ఆకారంతోనే ఎవరు ఎవరో తెలియాలి.

ఆ యంత్రం ఒక అడ్డు వరుసలో ఎనిమిది బొమ్మలకు మించి గీయలేకపోయేది. అందుకే శత్రువులు గుమిగూడినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనేవి. ఆ మిణుకును అనుకరించవలసిన అవసరం లేదు. 2014లో పాత రూపంతో వచ్చిన షవెల్ నైట్ ఆట రూపకర్తలు పాత యంత్రపు రంగులకు దాదాపు కట్టుబడి ఉంటూనే దీనిని వదిలేశారు.

ఇక అసలు శ్రమ కథానాయకుడు దూకడం దగ్గర ఉంది. గురుత్వాకర్షణకు తోచిన అంకె వేసి సరిచూసుకుంటూ పోవడం కంటే, ఎంత ఎత్తుకు, ఎంత సమయంలో చేరాలో ముందే నిర్ణయించుకోవడం మేలు. నేలనూ గోడలనూ పేర్చే ఒక్కో గడి కొలత 16 పిక్సెళ్ళు అనుకుందాం. మూడు గడుల ఎత్తును, అంటే 48 పిక్సెళ్ళను, 0.4 సెకన్లలో చేరాలంటే, ఎత్తుకు రెట్టింపును సమయపు వర్గంతో భాగిస్తే గురుత్వం 600, సమయంతోనే భాగిస్తే తొలి వేగం 240 వస్తాయి. కిందికి దిగేటప్పుడు గురుత్వాన్ని 900కు పెంచితే మనిషికి బరువు ఉన్నట్టు తోస్తుంది. నడక వేగం సెకనుకు 100 పిక్సెళ్ళయితే ఒక దూకుకు దాదాపు 72 పిక్సెళ్ళ దూరం వస్తుంది కాబట్టి, కోటగోడల మధ్య సందును నాలుగు గడులకు మించనివ్వకండి. మీట వదలగానే పైకి పోయే వేగాన్ని సగం చేస్తే చిన్న దూకు, పెద్ద దూకు రెండూ ఆడేవారి చేతిలో ఉంటాయి. ఇది మారియోలో అప్పుడే ఉంది. మరుసటి ఏడాది వచ్చిన కాసిల్‌వేనియాలో మాత్రం ఒకసారి దూకితే గాలిలో దిశ మార్చుకునే వీలు ఉండేది కాదు. కనుక పాతవన్నీ ఒకే తీరువని అనుకోరాదు.

దీనికి రెండు మన్నింపులు చేర్చాలి. తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది, ఒక్కో మార్పు ఒక ఫ్రేము. కాలు గోడ అంచు దాటిన తరువాత కూడా ఆరు ఫ్రేముల పాటు, అంటే సెకనులో పదో వంతు సేపు, దూకనివ్వడం మొదటిది. దీనిని కొయోటీ టైమ్ అంటారు. నేలను తాకడానికి ఆరు ఫ్రేముల ముందు నొక్కిన మీటను గుర్తుంచుకుని, తాకగానే దూకించడం రెండవది. 2018 నాటి సెలెస్ట్ చాలా కఠినమైన ఆట అయినా చేతికి న్యాయంగా అనిపించడంలో ఈ రెండింటి పాత్ర పెద్దది. ముళ్ళకంపలు తగిలే హద్దును గీసిన బొమ్మ కంటే ప్రతి వైపూ రెండు పిక్సెళ్ళు తగ్గించండి. ఆడేవారు ఈ సడలింపులను గమనించరు, తమకు నైపుణ్యం పెరిగిందనే అనుకుంటారు.

గుత్తిలో వరుసగా వచ్చే కోట ద్వారాలే సహజమైన మజిలీలు. ప్రతి ద్వారం దగ్గర ప్రగతి భద్రమవ్వాలి, పడిపోయినవారు ఒక్క సెకను లోపల మళ్ళీ అక్కడే లేవాలి. పాత కాఠిన్యం కోరేవారికి షవెల్ నైట్‌లోని ఏర్పాటు బాగుంటుంది: మజిలీని పగలగొడితే అదనపు సొమ్ము దొరుకుతుంది, ఆ పైన పడితే మాత్రం వెనకటి మజిలీకి పోవలసిందే.

తెలుగు మాటలు పెట్టేటప్పుడు మాత్రం, కంటికి తగిలేది పాతగా ఉండాలన్న నియమాన్ని నేను తప్పుతాను. ఇంగ్లీషు అక్షరం 8×8 చదరంలో హాయిగా ఇముడుతుంది కానీ, పైన గుడిదీర్ఘం, కింద వత్తులు ఉన్న ‘స్త్రీ’ వంటి అక్షరం అందులో పట్టదు, పట్టించినా చదవలేము. సంభాషణలను పెద్ద కొలత గల వేరే పొరలో, మామూలు తెలుగు ఫాంటుతో చూపించండి. గోడాట్ నాలుగో తరం వత్తులను సరిగ్గానే కూరుస్తుంది.

సంగీతానికి పాత యంత్రంలో లాగే రెండు పల్స్ తరంగాలు, ఒక త్రికోణ తరంగం, ఒక రొద (నాయిస్) చాలు. పాత యంత్రంలో దూకిన శబ్దం రాగంలో ఒక స్వరాన్ని మింగేసేది. మీరు శబ్దాలకు వేరే దారి ఇవ్వండి.

ఇవన్నీ గీయడానికి ముందే, మొదటి ద్వారం నుంచి రెండవ ద్వారం వరకు ఉన్న భాగాన్ని రంగులు లేని బూడిద గడులతో కట్టి, ఈ ఆటలు ఎన్నడూ ఆడని ఒకరి చేతికీ, చిన్నప్పుడు బాగా ఆడిన ఒకరి చేతికీ ఇవ్వండి. ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని, ఎవరు ఏ గడి దగ్గర ఎన్నిసార్లు పడ్డారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఇద్దరూ ఒకే చోట పడుతూ ఉంటే ముందు సందును ఒక గడి తగ్గించి చూడండి. గురుత్వం, వేగం అంకెలను ముట్టుకోవడం ఆ తరువాతి పని.