పాత పల్లె ఇంటిని ఆరుబయలు ప్రదర్శనశాలలో నిలిపి కాపాడుకునే పద్ధతి

మట్టి ఇళ్లనూ, తాటాకు ఇళ్లనూ, చవుడు మన్ను పరిచిన చదును కప్పుండే చవుడు మిద్దెలనూ ఒక విశాలమైన ఆవరణలోకి చేర్చి, వాటి గాదెలు, పశువుల కొట్టాలు, పనిముట్లతో సహా కాపాడాలన్న ఆలోచన కొత్తది కాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఆర్టుర్ హాజేలియస్ 1891లో స్కాన్సెన్‌ను ఈ ఉద్దేశంతోనే ప్రారంభించాడు. మన దేశంలో భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయంలో గిరిజనుల ఇళ్లు ఆరుబయట నిలిచి ఉన్నాయి. చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు దగ్గర 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో తమిళ, కేరళ, కర్ణాటక ఇళ్లతో పాటు ఆంధ్ర ఇళ్లు కూడా ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒక్క రోజులో వెళ్లి చూసి రావచ్చు కాబట్టి, ఈ పనికి పూనుకునే వారు ముందుగా అక్కడికి వెళ్లడం మంచిది. అయితే ఇంటిని తేవడం కన్నా దానికి రోజూ పని చేసే మనుషులను నిలుపుకోవడం కష్టం. ఆ ఖర్చుకు ముందే ఏర్పాటు చేసుకోలేని వారు ఇంటిని దాని ఊళ్లోనే ఉండనివ్వడం మేలని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా మన నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఏ ఇళ్లు తేవాలో తేల్చుకోవాలి. ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది కాబట్టి, అప్పటి ఆ ఒక్క జిల్లా హద్దుల్లోనే ఇళ్ల తీరు మారిపోతుంది. తీరం వెంట తాటాకు కప్పు, వాలుగా దిగిన చూరు కనిపిస్తాయి. కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు వైపు రాతి గోడలు, మట్టి మిద్దెలు కనిపిస్తాయి. ఊళ్లోని పెద్ద రైతు ఇంటిని మాత్రమే తెచ్చి అదే పల్లె అనడం న్యాయం కాదు. సాలెల మగ్గం గుంట ఉన్న ఇల్లు, కుమ్మరి ఆవము, చేపలు పట్టే పల్లెకారుల గుడిసె, నెల్లూరు తీరంలో తరతరాలుగా బతికిన యానాది గిరిజనుల చిన్న తాటాకు గుడిసె లేకుండా ఆ ఆవరణ పూర్తి కాదు. యానాదుల గుడిసెను మాత్రం మనమే ఊహించి కట్టకూడదు. వారిలో పెద్దలను పిలిచి, తగిన కూలి ఇచ్చి, వారి చేతులతోనే కట్టించాలి, దాని గురించి సందర్శకులకు ఏం చెప్పాలో కూడా వారినే అడగాలి.

ఇల్లు ఎంచుకున్న తరువాత విప్పే ముందు చేసే పని ఓపికతో చేయాలి. నాలుగు వైపుల నుంచీ, లోపలి ప్రతి మూల నుంచీ ఫొటోలు తీయాలి; గోడల మందం, ద్వారబంధాల ఎత్తు, అరుగు వెడల్పు, చూరు నేలకు ఎంత ఎత్తున ఉందో కొలిచి పటం గీయాలి. ప్రతి దూలానికీ, వాసానికీ, గడపకూ ఒక రేకు ముక్క మీద సంఖ్య వేసి కట్టాలి. ఆ సంఖ్య పటంలోనూ, పుస్తకంలోనూ ఉండాలి. ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసుకుని, కొత్త చోట కూడా అదే దిక్కుకు నిలబెట్టాలి, ఎందుకంటే గాలివానకు ఏ గోడ ఎదురొడ్డిందో, పొద్దుటి ఎండ ఎక్కడ పడిందో అన్నీ ఆ దిక్కును బట్టే అమరి ఉంటాయి. ఆ ఇంట్లో చివరగా కాపురం ఉన్నవారి మాటలను రికార్డు చేయడం మరవకూడదు: పొయ్యి ఎక్కడ ఉండేది, బాలింత ఎక్కడ పడుకునేది, విత్తనాలు ఎక్కడ దాచేవారు అన్నవి గోడలు చెప్పలేవు.

కలపను మోసుకుపోవచ్చు గానీ మట్టిగోడను మోసుకుపోలేము. అందుకని పాత గోడ మన్నును బస్తాలకెత్తి తెచ్చి, కొత్త మన్నుతో కలిపి, గోడను మళ్లీ పెట్టాలి. నల్లరేగడి ఎండితే బీటలు తీస్తుంది, ఒట్టి ఇసుక నేల నిలవదు. కాస్త జిగురూ కాస్త గరుకూ ఉన్న ఎర్రమన్ను మంచిది. మన్నును గుంటలో నానబెట్టి, ముక్కలు చేసిన వరిగడ్డి కలిపి, కాళ్లతో బాగా తొక్కి, కొన్ని రోజులు మాగనివ్వాలి. తరువాత మూరెడు మందాన గోడను వరసలుగా పెట్టాలి. ఒక్కో వరస మోకాలి ఎత్తు మించకూడదు, కింది వరస వేలితో నొక్కితే గుంట పడనంతగా ఆరిన తరువాతే పై వరస వేయాలి. తొందర పడి ఒకేసారి పైకి లేపిన గోడ తన బరువుకే ఉబ్బి వాలిపోతుంది. ఎక్కడా సిమెంటు పూత పూయకూడదు. సిమెంటు పొర వెనుక చేరిన తేమ బయటికి రాలేదు, లోపలి మన్ను మెత్తబడి రాలిపోతుంది, పైకి మాత్రం గోడ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సున్నమూ, ఎర్రమన్నూ, పేడా చాలు.

కప్పు విషయంలో మన వాతావరణం గుర్తుంచుకోవాలి. నెల్లూరు ప్రాంతానికి ఏటా పడే వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, తుపాన్లు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఈ ప్రాంతంలో ఇప్పటికీ తలచుకుంటారు. అందువల్ల కప్పు పని సెప్టెంబరు లోపే ముగియాలి. వేసవిలో తాటాకు కొట్టించి, చదునుగా పేర్చి, పైన బరువు పెట్టి ఆరనివ్వాలి. నేత చూరు దగ్గర మొదలై, ఒక్కో వరస కింది వరసను బాగా కప్పుతూ, కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దాకా పోవాలి. కట్టుకు తాటి నారో, కొబ్బరి తాడో వాడాలి. నైలాను తాడు ఎండకు పొడిబారి తెగుతుంది, ముడి కూడా జారుతుంది. ఇలా కప్పిన ఆకు రెండు మూడేళ్లు నిలుస్తుంది. అన్ని ఇళ్లకూ ఒకే ఏడు ఆకు మార్చే పరిస్థితి రాకుండా, ఏటా కొన్ని ఇళ్ల చొప్పున వంతు వేసుకోవాలి. ఆకు నేసే పనివారు ఇప్పుడు తక్కువ. వారి వెంట ఇద్దరు కుర్రవాళ్లను జీతం ఇచ్చి పెట్టడం ఆకు కొనడం కన్నా ముఖ్యమైన ఖర్చు.

చవుడు మిద్దెకు పని తక్కువ గానీ సమయం తప్పకూడదు. వానలకు ముందు పైన మొలిచిన గడ్డిని వేళ్లతో పెరికి, తూములను శుభ్రం చేసి, పలుచగా కొత్త చవుడు పరిచి తొక్కాలి.

ఇక రోజువారీ పని. పొయ్యి వెలిగించని పూరింట్లో చెదలూ, పురుగూ త్వరగా చేరతాయి. పొగ తగిలే కప్పు వాటిని తట్టుకుంటుంది. కాబట్టి ప్రతి ఇంట్లోనూ వారంలో కొన్ని పొద్దులైనా వంట జరగాలి. సంగటి కెలికినా, పప్పు వండినా సరే, సందర్శకులకు అది నిజమైన వంటగా ఉంటుంది, ఇంటికి మందుగా కూడా పనిచేస్తుంది. నేలను వారానికి ఒకసారి పేడతో అలకాలి, వాకిట్లో రోజూ కళ్లాపి చల్లి ముగ్గు వేయాలి. ఒక జత ఒంగోలు పశువులను పెంచితే పేడకు వెతుకులాట ఉండదు, కొట్టం కూడా ఖాళీగా ఉండదు. రోలు, తిరగలి, గాదె, వరిగడ్డి పురి అన్నీ వాడుకలో ఉంచాలి. పిల్లలు తిరగలి తిప్పి చూసే వీలు ఉండాలి, అయితే పాతవి అరుదైనవైతే వాటిని విడిగా దాచి, వాడుకకు కొత్తవి చేయించాలి.

పొయ్యి ఉన్నచోట నిప్పు భయం ఉంటుంది. మే నెల వడగాడ్పులో ఎండిన తాటాకు ఒక్క రవ్వకే అంటుకుంటుంది. గాలి బలంగా వీచే రోజున పొయ్యి వెలిగించకూడదు. వెలిగించినప్పుడు చల్లారేవరకు మనిషి అక్కడే ఉండాలి. ఇంటి పక్కనే నీళ్ల తొట్టి, ఇసుక, అంటుకున్న ఆకును లాగిపడేయడానికి పొడవైన కొక్కెం కర్ర సిద్ధంగా పెట్టాలి. విద్యుత్ తీగలను కప్పులోకి ఎక్కించకూడదు. ఇళ్ల మధ్య ఎడం వదిలితే ఒక ఇంటి నిప్పు మరో ఇంటికి సులువుగా పాకదు.

ఇంటిని చూపించే పనికి అటువంటి ఇంట్లో పెరిగిన వారిని పెట్టుకోవాలి. వారికి వేషం కట్టించకూడదు, అచ్చు వేసిన పాఠం అప్పగించమనకూడదు. తమ యాసలో తమకు తెలిసింది చెప్పనివ్వాలి. ఆకలి, అప్పు, ఊరికి దూరంగా పెట్టిన వాడల సంగతి వారు చెప్పినప్పుడు ఆపకూడదు, ఎందుకంటే ఇంటి అందంతో పాటు ఆ ఇంట్లో పడిన కష్టం కూడా సందర్శకులకు తెలియాలి.

ప్రతి ఇంటికీ ఒక పుస్తకం ఉండాలి. ఆకు ఎప్పుడు మార్చారు, ఏ వాసం తీసి కొత్తది వేశారు, మన్ను ఎక్కడి నుంచి వచ్చింది, చెద ఎక్కడ కనిపించింది, ఎవరు బాగుచేశారు అన్నవి తేదీతో రాయాలి. మార్చిన పాత కలప ముక్కను సంఖ్యతో సహా భద్రపరచాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున చూరును తాళ్లతో గుంజలకు బిగించి, విడి వస్తువులను గట్టి కట్టడంలోకి చేర్చాలి. గాలి తగ్గిన మర్నాడు ముందుగా నడికొప్పునూ, తరువాత గోడల అడుగునూ చూసి, తడిసిన మట్టిగోడలకు నెమ్మదిగా ఆరే వ్యవధి ఇచ్చిన తరువాతే మరమ్మతు మొదలుపెట్టాలి.