చర్చి గోపురం, సిలువ ఎత్తుకు విమానాశ్రయ ఎన్‌ఓసీ: దరఖాస్తు విధానం

విమానాశ్రయానికి దగ్గరలో కొత్తగా చర్చి కట్టేవారు, లేదా ఉన్న మందిరంపై గంట గోపురం లేపదలచినవారు, స్థానిక సంస్థ ఇచ్చే భవన అనుమతితో పాటు ఎత్తుకు సంబంధించిన నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) గురించి కూడా ముందుగానే ఆలోచించుకోవాలి. కేంద్ర పౌర విమానయాన శాఖ 2015 సెప్టెంబరు 30న జారీ చేసిన ఎత్తు పరిమితుల నియమాలు, జాబితాలో చేర్చిన విమానాశ్రయాల చుట్టూ 20 కిలోమీటర్ల పరిధి వరకు వర్తిస్తాయి.

నిర్మాణ కమిటీలు అన్నిటికన్నా ముందు గ్రహించవలసింది ఎత్తును లెక్కగట్టే పద్ధతిలోని తేడా. భవన నిబంధనల్లో మెట్ల గది, లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు వంటివాటిని సాధారణంగా భవనం ఎత్తులో కలపరు. విమానయాన నియమాలకు ఆ వెసులుబాటు లేదు. గోపురం, దానిపై సిలువ, ఆ సిలువకు మించి లేచే పిడుగు నిరోధక కడ్డీ, యాంటెన్నా, ఏదైనా సరే, అనుమతించిన ఎత్తు దాటి ఒక్క కడ్డీ కూడా పైకి పొడుచుకు రాకూడదని ఎన్‌ఓసీలోనే షరతు ఉంటుంది. మునిసిపాలిటీ ప్లాను ఆమోదించింది కదా అని సిలువను చివర్లో చూసుకుందామనుకుంటే చిక్కు అక్కడే వస్తుంది.

ఈ ఎత్తును నేల నుంచి కాక సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు స్థలం సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉండి, అక్కడ గరిష్ఠ పరిమితి 558 మీటర్లయితే, నేల నుంచి కడ్డీ కొస వరకు మిగిలేది 18 మీటర్లే. మందిరం 10, గోపురం 6, సిలువ 2.5, కడ్డీ 1 మీటరు అనుకుంటే మొత్తం 19.5 అవుతుంది, అంటే మీటరున్నర ఎక్కువ. ఈ కూడిక ఇంజినీరు నక్షా గీయకముందే జరగాలి.

తర్వాత, విమానాశ్రయం చుట్టూ ఏ ప్రాంతంలో ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో రంగులతో చూపే జోనింగ్ మ్యాపు చూడాలి. ఎర్ర రంగు ప్రాంతంలో ఎన్‌ఓసీ తప్పనిసరి. మిగతా రంగుల్లో, ఆ ప్రాంతానికి సూచించిన ఎత్తు లోపలే ఉంటే స్థానిక సంస్థ నేరుగా అనుమతి ఇవ్వవచ్చు. అంతకు మించితే విమానాశ్రయాలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఎన్‌ఓసీ కోసం దరఖాస్తు చేయాలి. రక్షణ శాఖ విమానాశ్రయాల పరిధిలో దారి వేరు: హకీంపేట, దుండిగల్ వాయుసేనవి, విశాఖపట్నంలోని ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళానిది కనుక, ఆయా దళాల అధికారుల అనుమతి అవసరం.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చేసే దరఖాస్తు నోకాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జరుగుతుంది. ఖాతా తెరిచి, స్థలం మూలల అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్-84 (జీపీఎస్ వాడే కొలమానం) పద్ధతిలో నమోదు చేసి, స్థలం ఎత్తును, కట్టడం మొత్తం ఎత్తును తెలపాలి. అక్షాంశ రేఖాంశాల ధ్రువపత్రం, స్థలం ఎత్తు ధ్రువపత్రం, హామీ పత్రం, యజమాని ఇచ్చిన అధికార పత్రం జతచేయాలి. చాలా చర్చిల భూమి డయాసిస్ (బిషప్ పరిధిలోని చర్చిల సంస్థ) పేరనో, సొసైటీ పేరనో ఉంటుంది కాబట్టి, అధికార పత్రంపై సంతకం పాస్టరు గారిది కాక ఆ సంస్థ తరఫున అధికారం ఉన్నవారిది కావాలి. కొలతల బాధ్యత పూర్తిగా దరఖాస్తుదారుదే అయినందున, సర్వే ఖర్చు దగ్గర పొదుపు చేయడం మంచిది కాదు.

కోరిన ఎత్తు కంటే తక్కువకు అనుమతి వస్తే, విమానాల రాకపోకలపై ప్రభావాన్ని పరిశీలించే ఏరోనాటికల్ అధ్యయనం కోరవచ్చు. నిర్ణయంపై అప్పీలు వినే అప్పిలేట్ కమిటీ కూడా ఉంది. అయితే చిన్న సంఘాలకు గోపురాన్ని కొంత తగ్గించి గీయించుకోవడమే సులువైన మార్గమని నా అభిప్రాయం.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక దాని ప్రతిని భవన అనుమతి దరఖాస్తుకు జతచేయాలి. అనుమతించిన ఎత్తు దాటే క్రేను వాడవలసి వస్తే దానికి విడిగా అనుమతి తీసుకోవాలి. విమానాశ్రయ దీపాలతో పైలట్లు పొరబడే తీవ్రత, అమరిక లేదా రంగు గల దీపాలను నిర్మాణ సమయంలోనే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ పెట్టకూడదు. గోపురంపై వెలిగే సిలువకైనా, క్రిస్మస్ నక్షత్రానికైనా ఈ షరతు వర్తిస్తుంది.