ఒక్క కెమెరాతో ప్రయాణం – 5వ పాఠం: 600 మి.మీ. జూమ్ దగ్గర ఫొటో ఎందుకు కరిగిపోతుంది?

గత పాఠం చివర జూమ్‌ను పూర్తిగా లాగి, దూరాన ఉన్న ఏదైనా ఒక వస్తువును పది ఫొటోలు తీయమన్నాను. ఈసారి ఎపర్చరు (లెన్సులో వెలుతురు లోపలికి వచ్చే కన్నం) గురించి రాయాలనుకున్నాను గానీ, మీరు పంపినవి చూశాక ఆ పాఠాన్ని వెనక్కి జరపక తప్పలేదు. కొండ మీది గోపురం, చెరువు అవతలి గట్టున కొంగ, ఊరి చివర సెల్ టవరు, ఏది చూసినా అంచులు కరిగిన వెన్నలా ఉన్నాయి. లెన్సులో లోపం ఉందేమో, కెమెరా తిరిగి ఇచ్చేయాలా అని కొందరు అడిగారు. మీ కెమెరాలు బాగానే ఉన్నాయి. ఏ వేళకు, ఎంత దూరంలో తీయాలో ఆ పాఠంలో నేను చెప్పలేదు. అది నా లోపమే, దాన్ని ఈ పాఠంలో సరిచేస్తాను.

నా చేతిలో ఉన్నది సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 కాబట్టి అంకెలన్నీ దానివే చెబుతాను. 2017లో వచ్చిన ఈ కెమెరాలో ‘ఒక అంగుళం’ రకం చిన్న సెన్సరు, ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము అంత పెద్ద సెన్సరున్న) కెమెరా లెక్కలో 24 నుంచి 600 మి.మీ. వరకు వెళ్లే లెన్సు ఉన్నాయి, బరువు దాదాపు 1.1 కిలోలు. పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 వాడేవారికి 600 బదులు 400 అనుకుంటే చాలు, మిగతాది చాలావరకు అలాగే వర్తిస్తుంది.

ముందుగా, చాలామంది పొరబడిన లెక్క ఒకటి ఉంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు, లెన్సు ఎన్ని మి.మీ. అయితే షట్టరు సెకనులో కనీసం అన్నో వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఫొటో వివరాల్లో 220 మి.మీ. అని కనిపించగానే, షట్టరు సెకనులో 250వ వంతు చాలుననుకున్నారు. లెన్సు అసలు కొలత 220 అన్నది నిజమే కానీ, చిన్న సెన్సరు వల్ల మనకు కనిపించే దృశ్యం ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 600 లెన్సు చూపేంతే ఉంటుంది, చేతి వణుకు కూడా 600కు తగ్గట్టే పెద్దదై కనిపిస్తుంది. అందువల్ల లెక్కకు 600నే తీసుకోవాలి. లోపలి స్టెబిలైజరు చేతి వణుకును బాగా ఆపుతుంది గనుక రాతి విగ్రహాన్ని 200వ వంతుకు కూడా తీయవచ్చు, కానీ కదిలే పిట్టను స్టెబిలైజరు ఆపలేదు. నేనైతే పక్షులకు 1,000వ వంతు కంటే తక్కువకు దిగను. డయల్ మీది ఎంఆర్‌లో (దాచుకున్న సెట్టింగులను తిరిగి పిలిచే చోటు) రెండో అంకె కింద షట్టరు 1,000, ఎపర్చరు ఎఫ్4, ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే స్థాయి) ఆటో, గరిష్ఠం 3,200 అని దాచిపెట్టుకున్నాను. పిట్ట కనబడ్డాక మెనూలు వెతికే వ్యవధి ఉండదు కాబట్టి మీరూ అలాగే చేసుకోండి.

డిజిటల్ జూమ్‌ను మెనూలో పూర్తిగా ఆపేయండి. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పై రెండూ సరిగ్గా చేసినవారి ఫొటోలు కూడా చెదిరాయి. దానికి కారణం మీకూ ఆ వస్తువుకూ మధ్యనున్న గాలి. ఎండకు నేల కాగుతుంది, నేలను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లని గాలి ఆ చోటికి దిగుతుంది. వేడి గాలి పలచన, చల్లని గాలి చిక్కన. వెలుతురు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి వెళ్లినప్పుడల్లా రవ్వంత వంగుతుంది. రోడ్డు మీద ఎండమావి కనిపించడానికీ, చుక్కలు మిణుకుమనడానికీ మూలం ఈ వంపే. 24 దగ్గర తీసిన ఫొటోలో ఈ వంపు కంటికి ఆనదు. 600 దగ్గర అదే వంపు ఇరవై అయిదు రెట్లు పెద్దదవుతుంది. దీన్ని నేను సెగ అంటాను.

ఈ సంగతి నాకు పులికాట్ సరస్సు దగ్గర తెలిసింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద, చలికాలంలో ఒక పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆగాను. దూరంగా బురదనీటిలో రాజహంసలు (ఫ్లెమింగోలు) బారులు తీరి ఉన్నాయి. మూడు వందలకు పైగా ఫొటోలు తీశాను. రాత్రి పెద్ద తెర మీద చూస్తే ఒక్కటీ పనికిరాలేదు. సన్నగా నిటారుగా ఉండవలసిన ఆ గులాబి కాళ్లు నీళ్లలో ముంచిన పుల్లల్లా వంకరలు తిరిగాయి, ఒకే పక్షికి వరుస ఫొటోల్లో మెడ ఒక్కోసారి ఒక్కో మందంలో ఉంది. ఆ మందం మారడమే నాకు అనుమానం కలిగించింది. లెన్సులో లోపమైతే ప్రతి ఫొటోలోనూ ఒకేలా ఉండాలి కదా! మరునాడు ఆరుంబావుకు అదే చోట, అవే సెట్టింగులతో నిలబడ్డాను. ముక్కు చివరి నల్లని వంపు, ఈకల అంచులు విడివిడిగా కనిపించాయి. మారింది వేళ ఒక్కటే.

షట్టరు వేగం పెంచితే సెగ పోదు. వేగం పెంచితే ఆ అల ఒక వంకర దగ్గర ఆగిపోతుంది, అంతే. వంకర మాత్రం మిగిలే ఉంటుంది. ట్రైపాడ్ పెట్టినా, ఖరీదైన లెన్సు తెచ్చినా, కంప్యూటరులో పదును పెంచినా ఫలితం ఉండదు. పదును పెంచితే ఆ వంకరలే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. గట్టిగా చెబుతున్నందుకు మన్నించండి, ఈ ఒక్క సంగతి తెలియక మంచి కెమెరాలు అమ్ముకున్నవారిని చూశాను. పనిచేసే మార్గాలు కొన్నే ఉన్నాయి. పొద్దెక్కకముందే వెళ్లడం, మబ్బు పట్టిన రోజును వదులుకోకపోవడం, నేలబారుగా గాక కాస్త ఎత్తు నుంచి తీయడం, అన్నిటికంటే ముఖ్యంగా దగ్గరకు చేరడం. కారులోంచి తీసేవారు ఇంకొకటి గమనించాలి. ఇంజను బానెట్ మీదుగా తీస్తే సెగ మీ లెన్సు ముందే పుడుతుంది. ఏసీ వేసుకుని అద్దం దించినా, చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలుస్తాయి. ఏసీ ఆపి, పక్క కిటికీలోంచి తీయండి.

ఫొటో చెదిరింది దేనివల్లో చూసి చెప్పవచ్చు. ఫ్రేములోని ప్రతి చుక్కా ఒకే దిక్కుకు గీతలా సాగితే అది చేతి వణుకు. నేల స్పష్టంగా ఉండి పిట్ట ఒక్కటే చెదిరితే పిట్ట కదిలింది. పిట్ట ముందున్న గడ్డి స్పష్టంగా ఉంటే ఫోకస్ గడ్డిని పట్టింది కాబట్టి ఫోకస్ గడిని అన్నిటికంటే చిన్నదిగా పెట్టుకోవాలి. నిలువు అంచులు అలల్లా వంగి, ఆ వంకర ఫొటో ఫొటోకూ మారుతుంటే అది సెగ. ఫొటో తీయకముందే వ్యూఫైండరులో అంచులు మరుగుతున్న నీళ్లలా కదిలితే, నేను కెమెరా దించేసి ఇంకో పని చూసుకుంటాను.

ఆ ఇంకో పనే ఈ కెమెరాకు అసలైన బలమని నా నమ్మకం. 600 దగ్గర ఫ్రేము వెడల్పు, దూరంలో ఆరు శాతం ఉంటుందని గుర్తుపెట్టుకోండి. వంద మీటర్ల దూరానికి ఆరు మీటర్లు, అయిదు వందల మీటర్లకు ముప్ఫై మీటర్లు. అయిదు వందల మీటర్ల అవతలి రాజహంస ఆ ఫ్రేములో ఎత్తుకు పదో వంతైనా ఉండదు. అదే ముప్ఫై మీటర్లలోపు ఉంటే ఫ్రేము నిండుతుంది, మధ్యలో గాలీ తక్కువే. పులికాట్‌కు వెళ్లినవారు నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రం కూడా చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అక్కడ నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులను చూడటానికి పొద్దున్నే వెళితే దూరం అంతగా అడ్డురాదు.

ఇంకా దగ్గరకు రండి. ఈ లెన్సు 600 దగ్గర కూడా 72 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అవుతుంది. కాలువ గట్టున తుంగ పుల్ల మీద వాలిన తూనీగను, అది ఎగిరిపోకుండా, రెక్కలోని ఈనెలు కనిపించేలా తీయవచ్చు. ఫోకస్ కుదరకపోతే లెన్సు పక్కనున్న మీట 3 మీటర్ల వైపు ఉందేమో చూసి, ఫుల్ వైపుకు మార్చండి. లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాలకు నేను ముందు 24 దగ్గర ఎఫ్2.4తో మొత్తం తీసి, తర్వాత స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, 100 ప్రాంతంలో ఒక్కొక్క ముఖాన్నీ, చీర అంచునూ విడిగా తీస్తాను. లెన్సు మార్చే పని లేకుండా ఈ రెండూ ఒకే నిమిషంలో కుదరడమే ఈ కెమెరాను ప్రయాణానికి మోసుకుపోవడానికి కారణం.

ఎపర్చరు గురించి వచ్చే పాఠం దాకా ఒక్క జాగ్రత్త చాలు. ఎఫ్5.6 దాటి మూయవద్దు. ఈ సెన్సరు మీద ఎఫ్8 అంటే ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్22తో సమానం, అక్కడ డిఫ్రాక్షన్ (చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు పక్కలకు చెదరడం) వల్ల ఫొటో మెత్తబడుతుంది.

ఇప్పుడు అభ్యాసం. ఇందుకు ఒక పూట మొత్తం కావాలి, సెలవు రోజు చూసుకోండి. కదలకుండా కెమెరాను ఆనించగలిగే పిట్టగోడ ఒకటి ఎంచుకోండి. నిలువు గీతలున్న మూడు వస్తువులు, ఒకటి పది మీటర్లలో, ఒకటి వంద మీటర్లలో, ఒకటి అయిదు వందల మీటర్లలో ఉండాలి. కరెంటు స్తంభం, ఇనుప గేటు, నీళ్ల ట్యాంకు నిచ్చెన లాంటివి చక్కగా పనికివస్తాయి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు గంటకొకసారి, 600, ఎఫ్4, 1,000వ వంతు దగ్గర ఒక్కొక్కదాన్నీ పదేసి తీయండి. మొత్తం 210 ఫొటోలు అవుతాయి. దేన్నీ తుడిచివేయవద్దు. ప్రతి దూరానికీ ఏ గంట నుంచి గీతలు వంకర తిరగడం మొదలైందో, ఆ రోజు ఎండా మబ్బూ ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. నాకు ఈసారి ఆ కాగితం పంపితే చాలు, ఫొటోలు అడిగినప్పుడు పంపండి.