గెలాక్సీలు చూసే రాత్రికి ముందు జాగ్రత్తలు

▢ అమావాస్యకు దగ్గరి రోజులే ఎంచుకోండి. వెన్నెల్లో మనకు దగ్గరి పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా కూడా వెలవెలబోతుంది.

▢ టెలిస్కోప్ మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న దుర్బిణి, ఫైండర్‌ను పగలే, దూరంగా ఉన్న సెల్ టవర్ మీద సరిచేసుకోండి. గొట్టం సూర్యుడి వైపు తిప్పారో, కన్ను పోతుంది.

▢ టెలిస్కోప్‌ను గంట ముందే ఆరుబయట పెట్టండి. అద్దం చల్లబడకపోతే బొమ్మ వణుకుతూనే ఉంటుంది. మంచు పట్టిందని లుంగీ అంచుతో తుడిచేయకండి! అల్యూమినియం పూత మీద గీతలు పడతాయి. దానంతట అదే ఆరనివ్వండి.

▢ టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఫోన్ జేబులోనే. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికే.

▢ చేలో అయితే బూట్లు తప్పనిసరి, నడిచేటప్పుడు తెల్ల లైటే వేయండి. పాముల దగ్గర మొహమాటం వద్దు.

▢ వెంట వచ్చే పిల్లలకు ముందే చెప్పండి: ఫొటోల్లోని రంగులు ఉండవు, కనిపించేది బూడిదరంగు మరకే. కాకపోతే ఆండ్రోమెడా అయితే అది 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు.